అలికిడి లేకుండా చూద్దాం - గోదావరి ఒడ్డున కృష్ణజింకలు

ఆర్మూరు అనగానే అందరికీ పసుపు, ఎర్రజొన్న, సిద్ధులగుట్ట గుర్తుకొస్తాయి. మనకు దగ్గర్లోనే గోదావరి ఒడ్డున కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయన్న సంగతి మాత్రం మనలోనే చాలామందికి తెలియదు.

పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాని పూర్తి నీటిమట్టం 1,091 అడుగులు. వానాకాలంలో ప్రాజెక్టు నిండితే నందిపేట వైపు చాలా దూరం నేల మునిగిపోతుంది. పొలాల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే రోజులకు నీరు వెనక్కి తగ్గుతుంది. బయటపడిన ఒండ్రు నేలపై పచ్చగడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసమే జింకలు వస్తాయి.

ఏమేమి చూడవచ్చు?

మగ జింకను ఇర్రి అంటారు. దాని వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలితిరిగి ఉంటాయి. ఆడదాన్ని లేడి అంటారు. అది లేత గోధుమ రంగులో ఉంటుంది, సాధారణంగా కొమ్ములుండవు. నీటి అంచున కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి చక్రవాకాలు వస్తాయి. పద్యాల్లో మనం చదివే చక్రవాకం ఇదే.

ఎలా చూడాలి?

1. ఉపాధ్యాయులతో గానీ, ఊరి పెద్దలతో గానీ కలిసి తెల్లవారుజామునే వెళ్లాలి.
2. కృష్ణజింకకు చూపే రక్షణ. కదిలితే కనిపెడుతుంది. కాబట్టి తుమ్మచెట్ల చాటున కదలకుండా కూర్చోవాలి. అరగంట ఓపిక పడితే మందే మేస్తూ దగ్గరికి వస్తుంది.
3. తీతువు పిట్ట అరిచిందంటే మనల్ని చూసిందన్నమాట. అది నేలమీదే గుడ్లు పెడుతుంది. గుడ్లు గులకరాళ్లలా ఉంటాయి కనుక చూసి అడుగు వేయాలి.
4. నీటి అంచున మట్టి పైకి ఎండినట్టున్నా లోపల బురదే. అటు వెళ్లకూడదు.
5. జింకలను ఎన్నడూ తరమకూడదు. తరిమితే దొరక్కపోయినా భయంతో, అలసటతో ప్రాణం విడవవచ్చు.

మన బాధ్యత

మళ్లీ వరద వస్తే గడ్డి నేల మునిగిపోతుంది. అప్పుడు జింకలు పొలాల్లోకి వస్తాయి. ఊరకుక్కలు వెంటపడతాయి. జింకలు మొలకలు మేస్తే నష్టపోయేది మనలాంటి పిల్లల అమ్మానాన్నలే. వారి కోపం అబద్ధం కాదు. అయితే కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడుతుంది. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మిత్రులారా! సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఆ దరఖాస్తు మన చేతులతో రాసిపెడదాం. హాస్టల్లో ఉండి నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఒక రైతుకు, ఒక లేడికి ఒకేసారి పనికొస్తే అంతకంటే ఏం కావాలి?