మావాడు ‘విజువల్ లెర్నర్’ అట!

ప్రశ్న: మావాడు ఆళ్లగడ్డలో ఎనిమిదో తరగతి. నంద్యాలలో ఒకచోట ఏవో ప్రశ్నలడిగి ‘విజువల్ లెర్నర్, ఇంట్రోవర్ట్’ అని రిపోర్టిచ్చారు. ఇక వీడియోలతోనే చదివించాలా?
– ఒక తల్లి

జవాబు: అక్కర్లేదమ్మా. చూసి, విని, చదివి, చేసి నేర్చుకునేవాళ్లంటూ పిల్లల్ని విడదీసే ‘వార్క్’ పద్ధతి న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్‌ది. ఇష్టాయిష్టాలు నిజమే. కానీ రకానికి తగ్గట్టు చెబితే చదువు బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం అప్పటి పరిశోధనలను జల్లెడపట్టి తేల్చింది.

పద్ధతిని నిర్ణయించేది పాఠం. మ్యాపు చూడాలి, పద్యం వినాలి, లెక్క చేయాలి. మీ ఊరి శిల్పుల దగ్గర పని నేర్చుకునే కుర్రాడు గీత చూస్తాడు, గురువు మాట వింటాడు, ఉలి పడతాడు. వాడిది ఏ రకమని ఎవరూ అడగరు!

‘ఇంట్రోవర్ట్’ సంగతి మాత్రం కాస్త పట్టించుకోండి. నెమ్మదస్తుడు క్లాసులో లేచి అడగడు. అర్థం కాలేదని మాస్టారికి తెలియదు. సందేహాలు కాగితం మీద రాసిచ్చే వీలుంటుందేమో ఆయనతో మాట్లాడండి. ఇంట్లో పుస్తకం మూయించి, గుర్తున్నంత చెప్పమనండి. రెండు రోజులాగి మళ్లీ అడగండి. ఏ స్వభావం పిల్లలకైనా ఇది పనిచేస్తుంది. ఆ రిపోర్టు వాడి ముందు చదవొద్దు. ‘నాకు చదివితే రాదు’ అని దాన్నే పట్టుకుంటాడు.