నూరేండ్ల క్రీడాకూటమి ఎట్లు చెదరినది?

ఆటలో ఓటమి మైదానములోనే కలుగునని మనము తలచుట సహజము. అమెరికాలో నూరేండ్లు దాటిన ఒక కళాశాలల క్రీడాకూటమి సమావేశపు గదిలో ఓడిపోయినది. విద్యార్థులును, కళాశాల కమిటీవారును తెలిసికొనదగిన విషయము గనుక దానిని ఇచ్చట పరిశీలింతుము.

మన దేశములో విశ్వవిద్యాలయముల మధ్య పోటీలను భారత విశ్వవిద్యాలయముల సంఘము జరిపించుచున్నది. అమెరికాలో పద్ధతి వేరు. కొన్ని విశ్వవిద్యాలయములు కలసి కాన్ఫరెన్సు అను కూటమిగా ఏర్పడి, పోటీలను, నియమములను తామే నిర్ణయించుకొనును. తమ ఆటలను టెలివిజన్‌లో చూపు హక్కును అమ్మి, వచ్చిన సొమ్మును పంచుకొనును. ఆ విశ్వవిద్యాలయముల అధ్యక్షులే కూటమికి పాలకమండలి. కమిషనర్ వారు నియమించిన ఉద్యోగి మాత్రమే. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1915లో పోర్ట్‌లాండ్ నగరమున పసిఫిక్ తీరపు కూటమి పుట్టినది. 1950 తరువాతి ఏండ్లలో ఆటగాండ్రకు రహస్యముగా సొమ్ము ముట్టజెప్పిన సంగతి బయటపడి, సభ్యుల మధ్య కలహములు పెరిగి, 1959లో అది రద్దయినది. పెద్ద విశ్వవిద్యాలయములు అయిదు ఆ ఏడే క్రొత్త కూటమి కట్టుకొన్నవి. వాషింగ్టన్ స్టేట్ 1962 వరకును, ఆరెగన్, ఆరెగన్ స్టేట్ 1964 వరకును వాకిటనే నిలిచినవి. ఐడహోకు ఆ తలుపు మరల తెరువబడలేదు.

ఈ క్రొత్త కూటమియే క్రమముగా పెరిగి 2011లో పసిఫిక్ పన్నెండు అయినది. ఆ ఏడే పన్నెండేండ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల టెలివిజన్ ఒప్పందము కుదిరినది. ఇంతవరకు అంతయు శుభమే. 2012లో కూటమి సొంత టెలివిజన్ ఛానెళ్లు పెట్టినది. ఇతర కూటములు పెద్ద ప్రసార సంస్థలను భాగస్వాములుగా చేర్చుకొనగా, ఇది ఒంటరిగా దిగినది. పేరుగల ఉపగ్రహ ప్రసార సంస్థ ఒకటి వాటిని చూపుటకు ఒప్పుకొనలేదు. దేశములో అనేక గృహములకు ఆటలు చేరలేదు. అయినను కమిషనర్ జీతము కొన్ని సంవత్సరములు 40 లక్షల డాలర్లను దాటినది. శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున కార్యాలయము, దానికి భారీ అద్దె. ఒక కేబుల్ సంస్థ ఏండ్ల తరబడి పొరపాటున సుమారు 5 కోట్ల డాలర్లు అధికముగా చెల్లించగా, తెలిసియు మండలికి చెప్పలేదన్న కారణమున ఇద్దరు ఉన్నతాధికారులను 2023 జనవరిలో తొలగించినారు.

లోకము కమిషనర్లనే నిందించినది. మా అభిప్రాయము వేరు. ఆ జీతమునకు, ఆ అద్దెకు ఒప్పుకొన్నది మండలియే కదా! విద్యావేత్తలైన అధ్యక్షులకు ప్రసార వ్యాపారము తెలియకపోవుట తప్పు కాదు. తెలియని దానిని గూర్చి గట్టిగా ప్రశ్నింపకపోవుట తప్పు.

2021 జూలైలో ఒక పొరుగు కూటమినుండి టెక్సాస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయములు తొలగనున్నట్లు ప్రకటించినవి. ఆ కూటమిలో మిగిలినవారిని చేర్చుకొను అదను అది. ఆగస్టులో మండలి, కూటమిని పెంచబోమని చెప్పినది. 2022 జూన్ 30న లాస్ ఏంజిలస్ నగరపు విశ్వవిద్యాలయములు రెండును వీడిపోవుదుమని ప్రకటించినవి. ఆ పొరుగు కూటమి అక్టోబరు నాటికే తన ఒప్పందమును ముగించుకొనగా, ఇచ్చట చర్చలు మరుసటి ఆగస్టు దాకా సాగినవి. చివరకు వచ్చినది ఆపిల్ సంస్థ వారి ప్రతిపాదన. రాబడి చాలవరకు చందాదారుల సంఖ్యపై ఆధారపడి యుండును. అప్పటికే కొలరాడో వెళ్లిపోయినది. 2023 ఆగస్టు 4వ తేదీన, ఒక్క దినమున, అయిదు విశ్వవిద్యాలయములు విడిపోయినవి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియాలు అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరుదుమన్నవి! పసిఫిక్ ఒడ్డున నున్నవారికి అట్లాంటిక్ తీరము పొరుగైనది.

ఈ బేరమంతయు ఫుట్‌బాల్ కొరకు. భారము మోయువారు సొమ్ము తేని ఆటల విద్యార్థులు. లాస్ ఏంజిలస్ వాలీబాల్ జట్టు కూటమి పోటీకై న్యూజెర్సీకి సుమారు 3,900 కిలోమీటర్లు విమానమున పోవలెను. పోయిన తరగతులను ఏ ఒప్పందమును తిరిగి ఇయ్యదు.

మిగిలినవి రెండే: ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. 1959లో వాకిట నిలిచినవారే వీరు. వీడిపోవుటకు నోటీసు ఇచ్చిన సభ్యునికి మండలిలో స్థానముండదని నియమావళిలో ఉన్నది. మొదట వెళ్లినవారికి ఆ నియమమును అమలు జరిపిన అధ్యక్షులే, తమ వంతు వచ్చినపుడు అది తమకు వర్తింపదని వాదించినారు. 2023 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్ర న్యాయస్థానము ఆ ఇద్దరి పక్షమున ఉత్తరువిచ్చినది. డిసెంబరులో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము అందులో జోక్యము చేసికొనలేదు.

2026 నుండి చేరుటకు మరికొన్ని విశ్వవిద్యాలయములు 2024లో ఒప్పుకొన్నవి. ఈలోగా 2025లో, కూటమిలో ఆడుటకు వేరొకరు లేక, ఆ రెండు జట్లును ఒకే నెలలో ఒకదానితో నొకటి రెండు మారులు ఫుట్‌బాల్ ఆడినవి.