పరిశోధన స్థానాల్లో నెట్‌వర్క్ స్విచ్‌ల దూర నిర్వహణ – కొన్ని మెలకువలు

నేటి వ్యవసాయ పరిశోధన స్థానంలో స్వయంచాలిత వాతావరణ కేంద్రం, నేల తేమను కొలిచే సెన్సార్లు, ప్రయోగశాల పరికరాలు, కార్యాలయ కంప్యూటర్లు అన్నీ ఒక మూలగదిలోని నెట్‌వర్క్ స్విచ్‌ను ఆశ్రయించి పనిచేయుచున్నవి. స్విచ్ ఉన్న చోట దానిని సరిచేయగల వ్యక్తి ఉండుట అరుదు. కావున ప్రధాన కేంద్రం నుండే దానిని నిర్వహించవలసి వచ్చుచున్నది. ఇందులోని అసలు చిక్కు ఒక్కటే: ఏ మార్గం గుండా ఆదేశం పంపుచున్నామో, ఆ మార్గాన్నే ఆ ఆదేశం మూసివేయవచ్చును. కూర్చున్న కొమ్మను నరుకుకొనుట అనగా ఇదే.

ఇచ్చట పేర్కొన్న ఆదేశాలు సిస్కో ఐఓఎస్ స్విచ్‌లకు చెందినవి. తొలి అమరికను సాధారణంగా స్విచ్ పక్కన కూర్చొని, కన్సోల్ కేబుల్ ద్వారా, సెకనుకు 9600 బిట్ల వేగంతో చేయవలెను. నిర్వహణ కొరకు వేరుగా ఒక విలాన్, దానికి ఐపీ చిరునామా, డిఫాల్ట్ గేట్‌వే ఇవ్వవలెను. విద్యార్థులు తరచు మరచునది ఈ గేట్‌వేనే. అది లేకున్నను ప్రయోగశాలలో అదే సబ్‌నెట్‌లోని కంప్యూటర్‌కు స్విచ్ చక్కగా బదులిచ్చును. పరిశోధన స్థానానికి చేరిన పిమ్మట మాత్రం ప్రధాన కేంద్రం నుండి పిలిచిన పలుకదు. సందేశం చేరును గాని, బదులు పంపుటకు దానికి దారి తెలియదు.

టెల్నెట్‌ను పూర్తిగా విడనాడవలెను. అది 23వ పోర్టుపై పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్లుగా పంపును. 22వ పోర్టుపై పనిచేసే ఎస్ఎస్‌హెచ్ సమస్తాన్నీ గూఢలిపిలో పంపును. దీనిని 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు ఇలోనెన్ రూపొందించుటకు కారణం, ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లోనే జరిగిన పాస్‌వర్డ్‌ల చౌర్యం. స్విచ్‌కు పేరు, డొమైన్ పేరు ఇచ్చి, 2048 బిట్ల ఆర్ఎస్ఏ తాళంచెవిని సృష్టించి, వీటీవై లైన్లపై 'ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్' అని ఇచ్చిన టెల్నెట్ ద్వారం మూసుకొనును.

ఇక అసలు ప్రమాదం. ఒక పరిశోధన స్థానంలో తేమ సెన్సార్ల కొరకు 30వ విలాన్‌ను ట్రంక్ పోర్టుపై చేర్చవలసి వచ్చినది. నేను 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ విలాన్ 30' అని ఇచ్చితిని. 30కి ముందు ఉండవలసిన 'యాడ్' అను మాట లోపించినది. ఆ మాట లేనిచో ఉన్న జాబితాకు 30 చేరదు. జాబితా అంతా తొలగి 30 ఒక్కటే మిగులును. తక్షణమే నిర్వహణ విలాన్‌తో సహా అన్నీ తెగిపోయినవి. ఆదివారం కావున స్థానంలో కావలివాడు మాత్రమే కలడు. ఫోనులో చెప్పగా అతడు స్విచ్ ప్లగ్ తీసి మరల పెట్టెను. మార్పును భద్రపరచలేదు గనుక పాత అమరిక తిరిగి వచ్చినది. అది నా నేర్పు కాదు, అదృష్టం.

ఆ అదృష్టాన్ని పద్ధతిగా మార్చుకొనవచ్చును. ముందుగా సరిగా పనిచేయుచున్న అమరికను 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' ఆదేశంతో భద్రపరచవలెను. పిదప 'రీలోడ్ ఇన్ 10' అని ఇచ్చి మార్పు చేయవలెను. సంబంధం తెగినచో పది నిమిషాలకు స్విచ్ తానే పునఃప్రారంభమై పాత అమరికకు వచ్చును. సంబంధం నిలిచినచో మరొక ఎస్ఎస్‌హెచ్ కిటికీ తెరచి కొత్తగా ప్రవేశించి చూడవలెను. ఆ పిమ్మటనే 'రీలోడ్ క్యాన్సిల్', ఆపై భద్రపరచుట. ఈ వరుస తప్పరాదు. భద్రపరచి రద్దు చేయుట మరచిన, పనివేళలో స్విచ్ ఆగి, దాని నుండే విద్యుత్తు పొందు కెమెరాలు కూడ ఆరిపోవును.

జూనిపర్ స్విచ్‌లలో ఈ సౌకర్యం మరింత మెరుగు. 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఇచ్చిన పిదప పది నిమిషాలలో ధ్రువీకరించనిచో, పునఃప్రారంభం లేకయే పాత అమరిక తిరిగి వచ్చును.

కరెంటు తరచు పోవు చోట్ల భద్రపరచని మంచి మార్పు కూడ నిలువదు. నెలల క్రితం చేసిన సవరణ ఒక గాలివాన రాత్రి మాయమగుట ఇందువలననే. చివరగా, స్విచ్ పైన, దాని ప్లగ్ పైన తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు అంటించవలెను. ఆ ఆదివారం కావలివాడు మొదట తీసినది ఫ్రిజ్ ప్లగ్.