లంబాడీ ధ్వనులు – తెలుగు లిపి

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సంజ్ఞాపరిచ్ఛేదంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలు చెప్పాడు. లిపిలో ఉన్న అక్షరాలన్నీ భాషకు సహజధ్వనులు కావని దీనివల్ల తెలుస్తుంది. ఈ దృష్టితో నల్లగొండ, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాల తండాలలో వ్యవహారంలో ఉన్న లంబాడీని, అనగా గోర్‌బోలీని, పరిశీలించటం ఈ వ్యాసోద్దేశం.

లంబాడీ ఆర్యభాషా కుటుంబానికి చెందినది, రాజస్థానీకి సన్నిహితం. దీనికి సంప్రదాయసిద్ధమైన లిపి లేదు. 2011 జనగణనలో దేశం మొత్తంమీద 32 లక్షలకు పైగా దీనిని మాతృభాషగా పేర్కొన్నారు. ఆ సంఖ్యను హిందీ కింద చేర్చారు.

మొదటిది మహాప్రాణాల విషయం. సూరి చెప్పిన 36 వర్ణాలలో ఖ, ఘ, ఛ, ఝలు లేవు. అవి తెలుగులో ప్రధానంగా తత్సమాలకు పరిమితం. లంబాడీలో ‘ఘర్’ (ఇల్లు), ‘ఘోడో’ (గుర్రం) నిత్యవ్యవహార పదాలు. తెలుగువారికి పాండిత్యచిహ్నమైన ఘకారం తండాలో పసిబిడ్డ పలుకు.

రెండవది శ్వాసనాద భేదం. తెలుగులోనూ క-గలకు అర్థభేదకత్వం ఉన్నది. అయితే ద్రుతం మీది పరుషం సరళమైనా అర్థం మారదు. లంబాడీలో తమవారు ‘గోర్’, ఇతరులు ‘కోర్’. ఒక్క వర్ణభేదమే స్వపర విభాగానికి ఆధారం.

మూడవది పదాంతం. తెలుగు ప్రధానంగా అజంతభాష. ఆస్ట్రోనేసియన్ కుటుంబంలోని మావోరీ కూడా అటువంటిదే. క్రిస్మస్ అక్కడ ‘కిరిహిమేటె’ అయింది. లంబాడీలో ‘ఘర్’, ‘తీజ్’ వంటి హలంతాలు సహజం. వాటిని ‘ఘరు’, ‘తీజు’ అని వ్రాస్తే అది తెలుగు ఉచ్చారణే అవుతుంది, లంబాడీ కాదు.

ఇక ‘కాళో’ (నల్లని), ‘పాణి’ (నీరు) పదాలలోని ళకార ణకారాలు గమనార్హం. ప్రామాణిక హిందీ వర్ణమాలలో ళకారం లేదు. సూరి చెప్పిన 36 వర్ణాలలో ఆ రెండూ ఉన్నాయి. జనగణన హిందీలో చేర్చిన భాషకు ఈ అంశంలో తెలుగు లిపియే అనువైనది.

కనుక దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల తండాలలో వాచకం కూర్చేవారు కొత్త అక్షరాలు కల్పించనక్కరలేదు. మహాప్రాణాన్ని, పొల్లును, ళ-ణలను విన్నది విన్నట్లు నిలిపితే చాలు. బాలుడు ‘ఘర్’ అని వ్రాసినపుడు దానిని ‘ఘరు’ అని దిద్దే ఉపాధ్యాయుడు తప్పును సవరించటం లేదు. ఒక భాషా ధర్మాన్ని తొలగిస్తున్నాడు.