వెంట నడిపించేది హోదా కాదు, ఆదర్శం



నాయకుడు అనగానే మనకు వేదిక, మైకు, పూలదండలు గుర్తుకొస్తాయి. కానీ ఒక మనిషి మాటకు ఊరు ఊరంతా ఎందుకు కదులుతుంది? అదే మనిషి కంటే పెద్ద పదవిలో ఉన్నవారి మాట ఎందుకు గాలికి పోతుంది? ఈ వారం ఈ విషయమే ధ్యానిద్దాం.

జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అనే అమెరికా పండితుడు 1978లో నాయకత్వాన్ని రెండు విధాలుగా విడదీసి చూపారు. మొదటిది ఇచ్చిపుచ్చుకునే నాయకత్వం: నువ్వు నాకు ఓటు వెయ్యి, నేను నీకు పని చేసిపెడతాను. రెండవది పరివర్తన తెచ్చే నాయకత్వం. ఇందులో నాయకుడు, అనుచరులు ఒకరినొకరు ఉన్నత స్థితికి లేవనెత్తుకుంటారు. బెర్నార్డ్ బాస్ అనే మరో పండితుడు 1985లో ఈ ఆలోచనను ఇంకా విస్తరించారు. ఇటువంటి నాయకులలో నాలుగు గుణాలు ఉంటాయని ఈ శాస్త్రం చెబుతుంది: ఆదర్శం, ఆశ, ఆలోచన, ఆదరణ.

దీనికి ఉదాహరణ కోసం దూరదేశాలకు వెళ్ళనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు ఒక సామాన్య పల్లెటూరి స్త్రీ. ఆమెకు పదవి లేదు, ధనం లేదు. వయోజన విద్యా తరగతుల్లో అక్షరాలతోపాటు స్త్రీలు తమ బ్రతుకులను గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. త్రాగునీరు సరిగా రాని పల్లెకు సారాయి మాత్రం తప్పకుండా ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్నే ఆలోచన. కూలి డబ్బు పొయ్యిమీదికి చేరే రోజు వస్తుందన్న నమ్మకమే ఆశ. ఇతరులను ముందుకు తోసి తాను వెనుక నిలబడక, ఆమె తానే ముందు నడిచారు. అది ఆదర్శం. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాయి కొట్టు మూయించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా, ఆపై రాష్ట్రమంతా ప్రాకింది. నెల్లూరులో సారాయి వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాయి నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

అయితే 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది. అంటే ఆ స్త్రీల శ్రమ వ్యర్థమైనట్లా? కాదు. చట్టం ఇచ్చిన చేయి దానిని తీసివేయగలదు. తలెత్తి మాట్లాడటం నేర్చుకున్న స్త్రీ నుండి ఆ ధైర్యాన్ని ఎవరు తీసివేయగలరు? కానీ మనకొక హెచ్చరిక ఉంది. మార్పు చట్టంలోనే ఆగిపోక ప్రతి ఇంటిలో వేరూనాలి.

ఇక నాలుగవది ఆదరణ. అనగా గుంపును గాక, ఒక్కొక్క మనిషిని చూడటం. యేసుప్రభువు జనసమూహం మధ్య చెట్టెక్కిన జక్కయ్యను పేరుపెట్టి పిలిచారు. కడరాత్రి భోజన సమయంలో శిష్యుల పాదాలు ఒక్కొక్కరివిగా కడిగారు. ఆయన ముందు చేసి చూపి, తరువాతనే శిష్యులను చేయమన్నారు.

మన చింతలపూడి ప్రాంతంలో పామాయిల్ తోటలకు, మొక్కజొన్న చేలకు కూలికి వెళ్ళే తల్లి కూడా నాయకురాలే. విచారణలో ఉపదేశిగారు, యువజన సంఘ పెద్ద, ఇంట్లో తండ్రి, అందరూ నాయకులే. త్రాగి వచ్చిన తండ్రి కొడుకును త్రాగవద్దంటే ఆ మాట గడప దాటదు. పూజకు రాని యువకుణ్ణి పదిమందిలో మందలించే పెద్దకంటే, అతని ఇంటికి వెళ్ళి, "ఏం బాబూ, ఒంట్లో బాగుందా?" అని అడిగే పెద్ద మాటకే విలువ ఎక్కువ.

ఈ వారం జపమాల ముగిశాక కుటుంబమంతా కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. ఇతరులను చేయమంటూ నేను చేయని పని ఏది?
2. మా ఇంట్లో పిల్లలు "ఎందుకు?" అని అడిగితే జవాబు చెబుతున్నామా, నోరు మూయిస్తున్నామా?
3. మా విచారణలో ఈ నెల నేను పేరుపెట్టి పలకరించవలసిన ఆ ఒక్కరు ఎవరు?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన రోజే వారి గడప త్రొక్కండి.