ఏడు తరాల అన్వేషణ

తన పుట్టుకకు మూలమెక్కడో తెలుసుకోవాలన్న కోరిక మానవునికి సహజం. మన ఇళ్ళలో పితృకార్యం జరిగినప్పుడు తండ్రి, తాత, ముత్తాత అనే మూడు తరాల వారిని పేరుపేరునా స్మరిస్తారు. ఆ పైతరం వారి పేరు అడిగితే చెప్పగలిగేవారు అరుదు. అయినా ‘అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు’ అనే మాట మన నోట తరచుగా వినిపిస్తూనే ఉంటుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎందరో ఈ ఏడెనిమిది తరాల దూరాన్ని లిఖితాధారాలతో దాటి, ఆ దేశ స్వాతంత్ర్య సమరకాలం నాటి తమ పూర్వికులను గుర్తించడానికి శ్రమిస్తున్నారు. ఆ అన్వేషణ తీరును, అందులో వెలుగుచూసిన సత్యాలను తెలుసుకోవడం ఆసక్తికరమే కాక ఆలోచింపజేసే విషయం కూడా.

1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఆంగ్లేయుల స్థిరనివాసం ఏర్పడింది. 1620లో ‘మేఫ్లవర్’ ఓడలో 102 మంది ప్రయాణికులు అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి నేటి మసాచుసెట్స్ తీరాన్ని చేరారు. వారిలో దాదాపు సగం మంది మొదటి శీతకాలాన్ని దాటలేకపోయారు. కాలక్రమంలో విస్తరించిన పదమూడు వలసలు 1775లో బ్రిటిష్ పాలనపై ఆయుధం పట్టాయి. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకొని, 1783 నాటి సంధితో దానిని స్థిరపరచుకున్నాయి. అమెరికన్లు వలసకాలపు పూర్వికులని, విప్లవకాలపు పూర్వికులని పిలుచుకొనేది ఈ కాలంలో జీవించిన వారినే.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ అన్వేషణకు సంస్థల అండ లభించింది. 1845లో బోస్టన్ నగరంలో న్యూ ఇంగ్లండ్ చారిత్రక వంశావళి సంఘం ఏర్పడింది. 1889లో ‘అమెరికా విప్లవ పుత్రులు’, 1890లో ‘అమెరికా విప్లవ పుత్రికలు’, 1897లో మేఫ్లవర్ వంశీయుల సంఘం వెలిశాయి. వీటిలో సభ్యత్వానికి కేవలం ఇంటి పేరు, ఇంట్లో పెద్దలు చెప్పిన కథ చాలవు. పూర్వికుడు ఉద్యమానికి చేసిన సేవకు, అతని నుండి అభ్యర్థి వరకు ప్రతి తరానికి ఉన్న సంబంధానికి ఆధారాలు చూపాలి. గొలుసులో ఒక్క లంకె తెగినా వాదం నిలవదు.

వంశాన్వేషణకు మొదటి సూత్రం తెలిసినదాని నుండి తెలియనిదాని వైపు నడవడం. అన్వేషకుడు తనతో మొదలుపెట్టి తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రులు అంటూ ఒక్కొక్క మెట్టే వెనుకకు వెళ్ళాలి. జనన, వివాహ, మరణ నమోదులు, చర్చి పుస్తకాలు, వీలునామాలు, భూమి దస్తావేజులు, సమాధి ఫలకాలు ఇందుకు తోడ్పడతాయి. ప్రసిద్ధుడైన ఒక వీరుణ్ణి ముందుగా ఎంచుకొని, అతని ఇంటి పేరే తనకూ ఉన్నది కనుక అతడే తన పూర్వికుడని భావించడం పెద్ద పొరపాటు. పేరు ఒకటే అయినంత మాత్రాన వంశం ఒకటి కానక్కరలేదు.

ఆధారాలకు కూడా హద్దులున్నాయి. 1790లో జరిగిన తొలి జాతీయ జనాభా లెక్కలలో కుటుంబ యజమాని పేరు మాత్రమే రాశారు. తక్కినవారంతా అంకెలుగానే మిగిలారు. స్వేచ్ఛాజీవులైన ప్రతి ఒక్కరి పేరూ నమోదు కావడం 1850 నుండి గాని మొదలుకాలేదు. యుద్ధానికి సంబంధించిన సైనిక పత్రాలు అనేకం 1800 నవంబరులో యుద్ధశాఖ కార్యాలయంలో చెలరేగిన అగ్నిప్రమాదంలో నశించాయి.

ఆ లోటును కొంతవరకు తీర్చినవి పింఛను దరఖాస్తులు. 1818లో పేదరికంలో ఉన్న మాజీ సైనికులకు, 1832లో మరింత విస్తృతంగా, 1836 నుండి వితంతువులకు పింఛను ఇవ్వడానికి చట్టాలు వచ్చాయి. కాగితాలు లేని వృద్ధ సైనికులు న్యాయస్థానంలో నిలబడి, తాము ఎవరి నాయకత్వంలో, ఏ యుద్ధంలో పాల్గొన్నారో ప్రమాణపూర్వకంగా చెప్పుకున్నారు. వివాహానికి రుజువు లేని వితంతువులు కొందరు ఇంటిలోని బైబిలు గ్రంథంలో కుటుంబ వివరాలు రాసుకున్న పుటలను చించి పంపారు. ఇటువంటి పింఛను, భూదాన దస్త్రాలు దాదాపు 80,000 నేటికీ ఆ దేశ జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. వృద్ధాప్యంలో బ్రతుకుతెరువు కోసం చెప్పుకున్న మాటలు తరువాతి తరాలకు వంశచరిత్రగా మిగిలాయి.

అయితే ఈ పుటలలో చోటు దక్కనివారు ఎందరో ఉన్నారు. వివాహంతో ఇంటి పేరు మారిన స్త్రీ పుట్టింటి జాడ దొరకడం కష్టం. బానిసలుగా బ్రతికినవారి స్థితి మరింత దయనీయం. 1790 లెక్కల ప్రకారం వారి సంఖ్య దాదాపు ఏడు లక్షలు. 1850, 1860 సంవత్సరాలలో బానిసల పట్టికలు ప్రత్యేకంగా తయారైనా, వాటిలో ఉన్నది యజమాని పేరే. బానిసల వయస్సు, లింగం, వర్ణం మాత్రమే రాసి, కొద్ది సందర్భాలలో తప్ప పేరు విడిచిపెట్టారు. విముక్తి పొందిన వారందరి పేర్లు తొలిసారిగా కనిపించేది 1870 నాటి లెక్కలలోనే. అంతకు వెనుకకు వెళ్ళాలంటే వారి సంతతి యజమానుల వీలునామాలను, ఆస్తి జాబితాలను వెతకాలి. పశువుల పక్కన, వెల కట్టిన అంకెకు ఎదురుగా తన వంశమాత పేరు కనబడినప్పుడు ఆ అన్వేషకుని మనసు ఎంతటి వేదనకు లోనవుతుందో ఊహించవచ్చు.

ఈ వేదనను లోకానికి తెలిపిన రచన అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’. సహవాసి దీనిని ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగువారికి అందించారు. 1767లో ఓడలో బానిసగా అమెరికా చేరిన కుంటా కింటే మొదలు తన వరకు సాగిన వంశకథను హేలీ ఇందులో చిత్రించారు. అందులోని కొన్ని వంశసంబంధాలు లిఖితాధారాలతో పొసగడం లేదని తరువాతి పరిశోధకులు చూపారు. అయినా, పేరు లేకుండా పోయిన జనసమూహానికి తమ మూలాలను వెతుక్కోవాలన్న సంకల్పాన్ని ఆ రచన కలిగించింది.

నోటి మాటను తేలికగా తీసివేయరాదని చెప్పడానికి మరొక ఉదాహరణ ఉంది. స్వాతంత్ర్య ప్రకటనను రచించిన థామస్ జెఫర్సన్ తన తండ్రి అని, ఆయన ఇంట బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ కుమారుడు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒక పత్రికలో తెలియజేశాడు. చరిత్రకారులు చాలాకాలం ఆ మాటను విశ్వసించలేదు. 1998లో జరిగిన డీఎన్ఏ పరీక్షలో శాలీ మరొక కుమారుడైన ఎస్టన్ వంశీయుని వై క్రోమోజోమ్ జెఫర్సన్ వంశపు పురుషులతో సరిపోయింది. పరీక్ష తండ్రి ఎవరో నేరుగా చెప్పదు. వంశాన్ని మాత్రమే సూచిస్తుంది. దానిని లిఖితాధారాలతో జోడించి పరిశీలించిన థామస్ జెఫర్సన్ ఫౌండేషన్, ఆమె ఆరుగురు సంతానానికీ జెఫర్సనే తండ్రి అయి ఉండే అవకాశం ఎక్కువని 2000 సంవత్సరంలో భావించింది. మానవులందరూ సమానులని రాసిన చేతికి, తన బిడ్డలను బానిసత్వంలో ఉంచిన ఇంటికి నడుమనున్న దూరాన్ని ఆ వంశవృక్షం బయటపెట్టింది.

వంశాభిమానం వివక్షకు దారితీసిన సందర్భాలూ ఉన్నాయి. 1939లో ప్రసిద్ధ గాయని మారియన్ ఆండర్సన్ నల్లజాతి మహిళ అయినందున, విప్లవ పుత్రికల సంస్థ వాషింగ్టన్‌లోని తన సభాభవనంలో ఆమె పాడడానికి అంగీకరించలేదు. అధ్యక్షుని భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ నిరసనగా ఆ సంస్థ సభ్యత్వాన్ని విడిచారు. ఆండర్సన్ లింకన్ స్మారకం మెట్లపై నిలిచి, దాదాపు 75,000 మంది శ్రోతల ఎదుట గానం చేశారు. అదే సంస్థ 2008లో, విప్లవానికి సేవచేసిన ఆఫ్రికన్ అమెరికన్, ఆదివాసీ యోధుల పేర్లను 6,600కు పైగా సేకరించి ఒక గ్రంథంగా ప్రకటించింది. అంతకు రెండేళ్ళ ముందు, 2006లో, ఆచార్యుడు హెన్రీ లూయిస్ గేట్స్ జూనియర్, విప్లవ సైన్యంలో పనిచేసిన జాన్ రెడ్‌మన్ అనే స్వేచ్ఛాయుతుడైన నల్లజాతీయుని వంశీయునిగా ‘విప్లవ పుత్రులు’ సంఘంలో సభ్యత్వం పొందారు. విప్లవ వారసత్వం ఒక్క తెల్లజాతిదే అన్న భావన సరికాదని ఆధారాలే నిరూపించాయి.

పది తరాలు వెనుకకు వెళితే ఒక్కొక్కరికి 1,024 పూర్వికుల స్థానాలు ఉంటాయి. వాటిలో ఒక్క వీరుణ్ణి ఎంచుకొని గర్వించడం సులభం. తక్కినవారిని గూడా ఉన్నది ఉన్నట్లు అంగీకరించడమే కష్టం. కీర్తి కోసం వెతికేవాడు తనకు నచ్చిన పేరు దొరకగానే ఆగిపోతాడు. సత్యం కోసం వెతికేవాడు సైనికుణ్ణి, వితంతువును, పేరు రాయబడని బానిసను సమానంగా తన వారిగా స్వీకరిస్తాడు. వంశవృక్షానికి విలువ తెచ్చేది అటువంటి నిజాయితీయే.

ప్రశ్నలు
1. వంశాన్వేషణలో పాటించవలసిన మొదటి సూత్రం ఏది? ఎందుకు?
2. పింఛను దరఖాస్తులు వంశచరిత్రకు ఎలా ఉపకరించాయి?
3. బానిసల సంతతికి తమ మూలాలను తెలుసుకోవడం ఎందుకు కష్టమైంది?
4. ‘వంశవృక్షానికి విలువ తెచ్చేది నిజాయితీయే’ - పాఠం ఆధారంగా చర్చించండి.