మూడవ మోతాదు టీకా: పిమ్మట కలుగు బాధలు

మన సంఘసభ్యులలో పెక్కురు 2022వ సంవత్సరమున కరోనా టీకా మూడవ మోతాదును పుచ్చుకొనియున్నారు. ఆ యేడు జులై 15వ తేదీ మొదలు 75 దినములు, 18 ఏండ్లు నిండిన వారికెల్ల ప్రభుత్వము దానిని ఉచితముగా వేయించెను. కోవిషీల్డునకు మూలమైన టీకావలన మిక్కిలి యరుదుగా రక్తము గడ్డకట్టు వ్యాధి కలుగవచ్చునని ఆస్ట్రాజెనెకా కంపెనీ ఇంగ్లండు న్యాయస్థానమున నొప్పుకొన్నదని 2024లో వార్త వచ్చినది. నాటినుండి రొమ్ము పట్టినను, కాలు లాగినను ఆ సూదియే కారణమని కొందఱు భీతిల్లుచున్నారు. హైదరాబాదున తయారైన కోవాక్సిను వేఱు విధమైన టీకా. ఈ వార్త దానిని గూర్చినది కాదు.

సూది వేసినచోట నొప్పి, వాపు, జ్వరము, చలి, తలనొప్పి, ఒడలినొప్పులు, అలసట, కొందఱికి చంకలో బిళ్ళ కట్టుట: ఇవి సామాన్యములు. దేహము రోగమును గుర్తించి పోరాటమునకు సిద్ధమగుటవలన నివి కలుగును. ఒకటి రెండు దినములలో తగ్గును. పారాసిటమాలు మాత్రయు, విశ్రాంతియు చాలును. సరిపడని వారికి నిమిషములలోనే దద్దురులు లేచి, ఊపిరాడకపోవుట గలదు. అందులకే అరగంట కూర్చుండబెట్టుదురు. దానిని కాలహరణమని యెంచి లేచిపోవువారిని మేమెఱుగుదుము, అది తగదు.

ఇఁక రక్తము గడ్డకట్టు వ్యాధి. ఇది సాధారణముగా నాలుగవ దినము మొదలు ఆఱువారములలోపుగా బయటపడును. తగ్గని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట, ఆయాసము, రొమ్మునొప్పి, విడువని కడుపునొప్పి, కాలివాపు, సూది వేయనిచోట చర్మముపై చిన్న యెఱ్ఱచుక్కలు దీని గుర్తులు. బ్రిటనులో 10 లక్షల మొదటి మోతాదులకు సుమారు 15 మందికిని, రెండవ మోతాదులకు సుమారు ఇద్దఱికిని ఇది కనబడినది.

2022లో సూది వేయించుకొన్నవారికి ఆ గడువు ఏనాఁడో గడచినది. కావున నేఁడు రొమ్మునొప్పి వచ్చిన రైతు, పాత సూదిపై నెపము వేసి యింట కూర్చుండుటయే మాకు భయము గొల్పుచున్నది. అట్టివాఁడు ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను. రక్తపుపోటు, మధుమేహము, చుట్ట, బీడి అను కారణములు మన యిండ్లలోనే యున్నవి గదా!

ఇఁకమీఁద వైద్యుఁడు వృద్ధులకుఁగాని, దీర్ఘరోగులకుఁగాని మరల టీకా వేయింపుఁడని చెప్పినచో, వెనుక సరిపడని మందులను, రక్తము పలుచనగుటకు వాడు మాత్రలను ముందుగాఁ జెప్పవలెను. నాట్లు, కోఁతలు లేని రోజు చూచుకొనుట మేలు. మఱునాఁడు పురుగుమందు చల్లరాదు. చల్లినచో, తలనొప్పియు వాంతులును టీకావలన వచ్చినవో, పురుగుమందువలన వచ్చినవో వైద్యునకు సైతము తెలియుట కష్టమగును.